ఒక బుట్టా తక్కువ చీర

ధర్మవరం పోయే బస్సులో ఫోన్లో పాతకాలపు హత్య కథ సినిమా చూస్తున్నాను. అందులో పేరున్న రచయిత ఒకాయన డిటెక్టివ్‌గా మారి, చనిపోయినామె పట్టుచీరను బల్లమీద పరిచి ఆధారాలు వెతుకుతున్నాడు. పక్క సీట్లోని పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"రవంత నిలుపప్పా. కొంగు మూలకు ఒక బుట్టా లేదు సూడు. దిష్టి తగలకుండా మా నాయన ప్రతి చీరలో ఆడ ఒకటి నేయకుండా వదిలిపెడతాండె. ఇది నాయన నేసిందే."

"ఇంట్లో ఆయన నేసినవి ఉన్నాయా?" అన్నాను.

"నేసేటోళ్ళింట్లో చీర యాడ నిలుస్తాదప్పా? నేసింది నేసినట్టే అమ్ముకుంటిమి."

సినిమా ఆపి ఇచ్చిన ఫోన్, దిగేదాకా ఆయన చేతిలోనే ఉంది. తెర మసకబారినప్పుడల్లా వేలితో తాకి, ఆ ఖాళీ జాగానే చూస్తూ కూర్చున్నాడు.

హంతకుడెవరో నాకిప్పటికీ తెలియదు. ఎన్నిసార్లు పెట్టినా ఆ చీర దగ్గరే ఆపేస్తాను.