కారంపూడి దగ్గర ఒక బడిలో ఎడమ చేతులు

నేను నరసరావుపేటలో వాహనాల ఇన్సూరెన్సు సర్వేయర్ని. గుద్దుకున్న లారీనో కారునో చూసి, ఈ సొట్ట నిన్నటిదా, పోయినేడాదిదా అని తేల్చటం నా పని. ఏళ్ళ తరబడి ఇదే చెయ్యటంతో, ఎవరైనా ఏదైనా బాగుందంటే ముందు దాని తుప్పు ఎక్కడుందో వెతుకుతాను. "నీకు ఇడ్లీలో కూడా ఫ్రాడే కనపడుద్ది" అంటుంది మా ఆవిడ. కనపడితే నా తప్పా?

ఈ ప్రయాణానికి కారణం మా అమ్మాయి హారిక. ఎనిమిదో తరగతి. పేటలో పేరున్న ప్రైవేటు బడిలోనే చదువుతోంది, కానీ లెక్కల్లో మార్కులు ఏటా కిందికే. "అర్థమైందా?" అంటే "అయింది నాన్నా" అంటుంది. పరీక్ష రోజు పొద్దున కడుపునొప్పి అంటుంది. ఇద్దరు డాక్టర్లకు చూపించాం, కడుపులో ఏమీ లేదన్నారు. అప్పుడు మా ఆవిడ అక్కయ్య, అంటే మా వదిన, ఫోన్ చేసింది. వాళ్ళది కారంపూడికి అవతల పల్లె. ఆ ఊరి గవర్నమెంటు హైస్కూల్లో నాగరత్నం మేడమ్ అని లెక్కల టీచరు ఉందట, బంగారమట, పిల్లని తమ ఇంట్లో ఉంచి అక్కడ చేర్చమంది. మా ఆవిడ వెంటనే సరేనంది. సోమవారం టీసీ తీసుకోవాలని కూడా వాళ్ళిద్దరే అనేసుకున్నారు. వదినకు ఇంట్లో తోడు కావాలేమో, అందుకే బంగారమంటోందని నా అనుమానం. వదినకు గానీ బడివాళ్ళకు గానీ చెప్పకుండా, శుక్రవారం పొద్దున్నే హారికను తీసుకుని బయల్దేరాను. చెప్పి వెళ్తే కొత్తగా వేసిన రంగు తప్ప ఏమీ కనపడదు.

మీరూ వెళ్ళదలిస్తే ఆరున్నర ప్రాంతంలో నరసరావుపేట బస్టాండుకు రండి, కారంపూడి వెళ్ళే పల్లెవెలుగు దొరుకుతుంది. అమ్మాయికి ఆధార్ చూపిస్తే టిక్కెట్టు ఊరికే, నాకు వంద లోపే అయింది. దారి పొడవునా నల్లరేగడి చేలు, పత్తి అప్పుడే మొలకెత్తి ఉంది. రెండు గంటలకు తక్కువేం పట్టదు. కారంపూడిలో దిగగానే బస్టాండు ఎదురుగా ఇడ్లీ తినండి, కారప్పొడి మాత్రం చూసుకుని వేయించుకోండి. అక్కణ్ణుంచి షేర్ ఆటో, మనిషికి ముప్ఫై.

ఆటో మస్తాన్‌ది. బడి పేరు చెప్పగానే వెనక్కి తిరిగాడు.

"నాగరత్నం మేడమ్ కాడికా? చానా మంచి మేడమ్ సార్. మా పాప ఆమె కాడే."

"ఏంది అంత మంచి?" అన్నాను.

"అదేందో నాకేం తెలుసు సార్. మా పాప బడికి పొమ్మంటే పోతది, అంతే. రెండు పార్టీలోళ్ళూ ఆమె మాట మీద ఉంటారు మా ఊళ్ళో."

దీంతో నా అనుమానం ముదిరింది. పల్నాడులో రెండు పార్టీల వాళ్ళు ఒక మాట మీద ఉన్నారంటే, అందులో తిరకాసు లేకుండా ఉంటుందా?

హెడ్మాస్టరు గురజాలలో మీటింగుకు వెళ్ళారట. నాగరత్నం మేడమే వరండాలోకి వచ్చింది. నలభై దాటిన మనిషి, నేత చీర, చేతికి సుద్దపొడి. మా వదిన పేరు చెప్పి, క్లాసు చూడాలన్నాను. కాదంటుందనుకున్నా. "వెనక కూర్చోండి. ఫోన్ మాత్రం తీయొద్దు" అని, హారికను రజియా అనే అమ్మాయి పక్కన కూర్చోబెట్టింది. రజియా మస్తాన్ కూతురేనని తర్వాత తెలిసింది.

బోర్డు మీద లెక్క రాసింది. క్వింటా మిర్చి ధర పది వేలు. పది శాతం పెరిగింది. మళ్ళీ పది శాతం తగ్గింది. ఇప్పుడెంత? రాసి, ఏమీ మాట్లాడకుండా కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది. పిల్లలు గొణుక్కుంటున్నారు, రాస్తున్నారు, కొట్టేస్తున్నారు. మా పేట బడిలో అయితే ఈపాటికి జవాబు చెప్పేసి ఇంకో రెండు లెక్కలు అయిపోయేవి. ఈమెకు పాఠం చెప్పే ఓపిక లేదా అనుకున్నాను.

"చేతులు" అంది ఆమె.

క్లాసంతా చేతులెత్తింది. ఒక్క పిల్లాడూ మిగల్లేదు. అప్పుడు చూశాను, దొరికిపోయింది! కొందరివి కుడి చేతులు, కొందరివి ఎడమవి. ఇన్‌స్పెక్షన్ రోజు మా చిన్నప్పుడూ ఇదే వేషం. జవాబు వచ్చినవాళ్ళు కుడి చెయ్యి, రానివాళ్ళు ఎడమ చెయ్యి ఎత్తాలి. టీచరు కుడి చేతుల వాళ్ళనే లేపుతాడు. చూసేవాడికి క్లాసంతా సరస్వతీ పుత్రులే. ఇంత దూరం వచ్చింది ఈ పాత నాటకం చూడటానికా అనుకుంటూనే, పట్టేశానన్న సంతోషంతో మీసం దువ్వుకున్నాను. హారిక కుడి చెయ్యి ఎత్తింది. అది చూసి కొంచెం గర్వం కూడా కలిగింది.

"రజియా" అని పిలిచింది మేడమ్. రజియాది ఎడమ చెయ్యి.

"పెరగటం దాకా వచ్చు మేడమ్, పదకొండు వేలు. తగ్గటం కాడ తెలవట్లా."

"సగం వచ్చుగా. వచ్చింది బోర్డు మీద రాయి."

ఆ తర్వాత ఇంకో ఎడమ చేతిని లేపింది, ఆ తర్వాత ఇంకోటి. చివరికి ఒక కుడి చేతిని. వాడు గట్టిగా "పది వేలే మేడమ్, పెరిగింది తగ్గింది, సాపు" అన్నాడు. ఆమె తప్పనలేదు. అదీ బోర్డు మీద రాసింది. "పొద్దున రేటు పెరిగి సాయంత్రానికి పడితే, ఆ తగ్గిన పది శాతం ఏ రేటు మీద తీస్తారు? మొదటి రేటు మీదా, పెరిగిన రేటు మీదా?" అంది.

"పెరిగిన దాని మీద!" అని క్లాసంతా అరిచింది. రజియా అప్పటికే వేలం పాటలాగా లెక్కేసి తొమ్మిది వేల తొమ్మిది వందలు రాసేసింది. కుడి చెయ్యి వాడు నాలుక కరుచుకుని కూర్చున్నాడు, ఎవరూ వాణ్ణి ఏడిపించలేదు.

నాకు నమ్మకం కుదరలేదు. నన్ను చూసి ఇవాళ ఈ ఆట ఆడిందేమో? మధ్యాహ్నం అన్నం వడ్డించే సుబ్బమ్మను పక్కకు పిలిచి, ఎవరైనా వస్తే మేడమ్ పిల్లలకు ముందే నేర్పి పెడుతుందా అని అడిగాను.

"ఏంది సామీ, నువ్వు పోలీసోడివా?" అంది గరిటె పట్టుకునే. "రోజూ ఇదే గోల. ఎడం చెయ్యి ఏందమ్మా, అశుభం అని నేనే తిట్టా మొదట్లో."

ఇక దాపరికం ఎందుకని మేడమ్‌నే అడిగేశాను. ఆమె పప్పన్నం కలుపుకుంటూ నవ్వింది.

"మా సార్లు మాకు నేర్పిందేనండీ. తెలిసినోళ్ళు కుడి, తెలియనోళ్ళు ఎడమ. నేనెప్పుడూ ఎడమే. బడిలో ఉన్నన్నాళ్ళు నన్ను ఒక్కరు లేపలా. చెయ్యి ఎత్తి ఎత్తి నొప్పి పుట్టేది, ఎవరికీ కనపడేదాన్ని కాదు. అందుకని ఇక్కడ ఎడమ చేతులే ముందు."

మాట మార్చటానికి, మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారన్నాను. ఇది నా ఆఖరి అస్త్రం.

"మా వాడు గురజాలలో ప్రైవేటులో. మా ఆయన పంతం, నేను గెలవలేకపోయా" అంది, ఏ మాత్రం తడుముకోకుండా. "ఇంకోటి కూడా చెప్తా. వచ్చే బదిలీల్లో నన్నిక్కడ ఉంచకపోవచ్చు. నన్ను చూసి మాత్రం చేర్చకండి." హారిక వైపు చూసి, "మీ అమ్మాయి పొద్దున కుడి చెయ్యి ఎత్తింది, పేజీ తెల్లగా ఉంది" అంది.

పొద్దున్నుంచి అందరినీ అనుమానించాను. నా కూతురి చేతిని మాత్రం అనుమానించాలని తోచనేలేదు.

చివరి పీరియడు మళ్ళీ లెక్కలే. పొలం పనులకు పోయి నాగా పెట్టిన పిల్లల కోసం పాతవి తిరగేయటమట. మధ్యలో ఒకడు శాతం గుర్తులో రెండు సున్నాలెందుకని అడిగాడు. మేడమ్ తనే ఎడమ చెయ్యి ఎత్తి, "నాకూ తెలవదు రా, చూసొచ్చి చెప్తా" అంది. పిల్లలు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. తర్వాత సగానికి మూడో వంతు కలపమని బోర్డు మీద రాసింది. చేతులు లేచాయి. హారికది మొదట లేవలేదు. ఆ తర్వాత మెల్లగా ఎడమ చెయ్యి భుజం దాకా లేచింది.

"ఎక్కడి దాకా తెలుసమ్మా?"

"సగం అంటే ఒకటి బై రెండు అని తెలుసు మేడమ్." లేచి నిలబడింది. "ఆ తర్వాత ఏమీ తెలవదు. భిన్నాలు వచ్చిన కాణ్ణుంచి ఏమీ తెలవదు."

భిన్నాలు వచ్చి ఎన్ని తరగతులైందో నాకు తెలుసు. అన్నేళ్ళూ ఈ పిల్ల ఇంట్లో "అయింది నాన్నా" అంటూ వచ్చింది. నేను కిటికీ వైపు తిరిగాను.

"అయితే సగం కాడ మొదలుపెడదాం" అంది మేడమ్, రోజూ చెప్పే మాటలాగే. రజియా తన పుస్తకం హారిక వైపు జరిపింది.

సాయంత్రం బస్సులో మా ఆవిడ ఫోన్ చేసి, "ఏం దొరికింది మోసం?" అంది. ఇంటికొచ్చి చెప్తానని పెట్టేశాను. హారికను అడిగాను, ఆ మేడమ్ వచ్చే ఏడాది ఉండదేమో, అయినా చేరతావా అని. తల ఊపింది. ఎందుకన్నాను.

"నేను తెలవదన్నప్పుడు ఎవరూ నవ్వలేదు నాన్నా."

మంచి టీచరుకు చక్కగా చెప్పటం వస్తే చాలనుకునేవాణ్ణి. చక్కగా చెప్పేవాళ్ళు మా పేట బడిలోనూ ఉన్నారు, వాళ్ళ క్లాసుల్లోనే మా అమ్మాయి ఇన్నేళ్ళు దాక్కుంది. దాక్కోవాల్సిన అవసరం లేకుండా చెయ్యటం వేరే విద్య. బదిలీ కాగితం మేడమ్‌ను తీసుకుపోవచ్చు గానీ, ఆ పిల్లలకు అబ్బిన అలవాటును అంత తేలిగ్గా తీసుకుపోదని నా నమ్మకం. నమ్మకం అనే మాట నేను వాడటం మా ఆవిడకు వింతగానే ఉంటుంది.

మీరు ఏ బడి చూడటానికి వెళ్ళినా పిల్లని వెంట తీసుకెళ్ళండి, మామూలు పనిరోజున, చెప్పకుండా. తిరుగు బస్సు వేళ ముందే కనుక్కుని, ఆఖరి పీరియడు దాకా ఉండండి. జవాబు చెప్పేవాళ్ళను చూడొద్దు, తెలియదన్న పిల్లకు ఏం జరుగుతుందో చూడండి. ఆ పిల్ల మీ పిల్లే కావచ్చు.