టక్కుమనని టెలిఫోను

2023 వేసవి. చెన్నైలో నేను పనిచేసే విశ్వవిద్యాలయంలో పాత పరిపాలనా భవనానికి మరమ్మతులు మొదలయ్యాయి. నేనక్కడ టెలిఫోన్ సెక్షన్ సూపర్‌వైజర్‌ని. ‘సెల్‌ఫోన్లు వచ్చాక మీకింకా పనేముంది?’ అని అడిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే. పెద్ద అధికారి బల్లమీది ఫోను పది నిమిషాలు మూగబోయినప్పుడు ఎవరి పేరు పెట్టి అరుస్తారో ఒకసారి వచ్చి వినండి.

ఆ భవనంలో రెండు పాత ఇంటర్నల్ ఫోన్లు ఉన్నాయి. ఒకటి కింద రిజిస్ట్రారు గది బయట గోడకు, రెండోది పై అంతస్తులో రికార్డు గదిలో. ఆ రెండు గదులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి తప్ప బయటి ప్రపంచంతో వాటికి సంబంధం లేదు. టేకు పెట్టె, నెత్తిన రెండు గంటలు, ముందుకు పొడుచుకొచ్చిన మూతి, కుడిపక్కన చేత్తో తిప్పే పిడి. వీటిని మాగ్నెటో ఫోన్లు అంటారు. పిడి తిప్పితే లోపల అయస్కాంతాల మధ్య తీగచుట్ట తిరిగి కరెంటు పుడుతుంది, దాంతో అవతలి గదిలో గంట మోగుతుంది. మాట పోవడానికి కావలసిన కరెంటు మాత్రం పెట్టెలో పెట్టే రెండు బ్యాటరీ సెల్స్ ఇస్తాయి. అంటే ఇది ఎవరి దయ మీదా బతికే ఫోను కాదు. నాకు నచ్చింది అదే.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం నాకు పని నేర్పింది కూడా వీటిమీదే. సెక్షన్‌లో నేనొక్కదాన్నే ఆడదాన్ని. మిగతావాళ్లు నన్ను రిజిస్టర్లు రాయడానికి కూర్చోబెడదామనుకుంటే, లైన్‌మన్ ధనకోటి మామ స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టి, “ఈడ రాసేదానికి అందురూ ఉండారు, ఇప్పేదానికే ఎవురూ లేరు. ఇప్పుమే” అన్నాడు. పెట్టె తలుపు లోపలివైపు పెన్సిల్ రాతలు చూపించాడు. సెల్స్ మార్చినా, తీగ మార్చినా, చేసిన పనీ చేసినవాడి పొడి అక్షరాలూ అక్కడ రాయడం లైన్‌మన్ల ఆచారం. తప్పు చేసి దిద్దుకున్నా సరే, రాయాల్సిందే. ఆ వరసలో నా పొడి అక్షరాలు కూడా ఉన్నాయి.

మరమ్మతుల కాంట్రాక్టరు తరఫున వైరింగ్ చూసే ఇంజనీరు ప్రవీణ్‌ది గుంటూరు. అతను పైగది ఫోనుకు మా ఎక్స్ఛేంజి లైను తగిలించి, చెవి దగ్గర పెట్టుకుని, రెండింటినీ కండెమ్నేషన్ లిస్టులో మొదటి వరుసలో రాసేశాడు. కండెమ్నేషన్ అంటే, ఈ వస్తువు ఇక పనికిరాదని రాసిచ్చి పాతసామానుకు తోసేయడం. టెలిఫోన్ సామానుకైతే నా సంతకం లేనిదే కుదరదు.

“రెండూ డెడ్ అండి మేడమ్ గారూ,” అన్నాడు. “డయల్ టోనే రాలేదు.”

“దానికి డయలే లేదు కదా నాయనా, టోను ఎక్కణ్ణించి వస్తుంది? సెల్స్ వేశావా?”

“సెల్సా? ఎక్కడండీ?”

“పెట్టె తలుపు తెరిచి చూశావా?”

“తెరుచుకుంటుందాండీ అది?”

“ఆహా! తలుపు కూడా తీయకుండా డెత్ సర్టిఫికెట్ రాశావన్నమాట. కిందిదాన్నైతే ముట్టుకోను కూడా లేదు. నువ్వు డాక్టరువి కాలేదు, మా అదృష్టం.”

ఎస్టేట్ ఆఫీసరు సుందరం గారు తమిళులు, పెద్దమనిషి. కాకపోతే గోడలు ఖాళీగా ఉంటే తప్ప ఆయనకు మనసు నిమ్మళించదు. “విమలా మేడమ్, రాయపురం నుంచి స్క్రాప్ లారీ సాయంత్రం నాలుగింటికి వస్తుంది. సంతకం పెట్టేయండి” అన్నారు.

“మూడింటికి మోగిస్తాను. మాట్లాడిస్తాను. మాట్లాడకపోతే నా చేత్తోనే సంతకం పెడతాను” అన్నాను. ఒకసారి నోరు జారితే వెనక్కి తగ్గే అలవాటు నాకు లేదు. మా ఆయన్ని అడగండి, చెప్తాడు.

లైను పరీక్షించాను, తీగ ఎక్కడా తెగలేదు. రెండు పెట్టెల్లోనూ కొత్త సెల్స్ వేశాను. మూడింటికి ప్రవీణ్‌ని పైగదికి పంపి, సుందరం గారి ఎదుట కింది ఫోను పిడి గిరగిరా తిప్పాను.

పైన గంట ఖంగుమంది! మెట్లమీదుగా ఆ మోత దిగి వస్తుంటే ఆఫీసులో సగంమంది బయటికి వచ్చారు. నేను రిసీవర్ ఎత్తి, “హలో” అన్నాను. చడీచప్పుడు లేదు. “హలో! హలో!” ఏమీ లేదు. పై నుంచి ప్రవీణ్ పిట్టగోడ మీదికి వంగి, “మేడమ్ గారూ, గంట మోగిందండి, మీరే లేరు!” అని కేకేశాడు. అందరూ నవ్వారు. సుందరం గారు నవ్వలేదు, కాగితం నా ముందు పెట్టారు.

“గంట మోగితే అది గంటేనమ్మా, టెలిఫోను కాదు” అన్నారు.

ఆ మాటతో నాకు పేచీ లేదు. అదే నాకు మండింది. “నాలుగు కాలేదు కదా సార్” అని పైకి ఎక్కాను. రిటైరై మాధవరంలో ఉంటున్న ధనకోటి మామకు సెల్‌లో ఫోన్ చేసి, ఏడుపొక్కటే తక్కువగా జరిగిందంతా చెప్పాను.

“సెల్‌ఫోను పెట్టె కాడ పెట్టు. రిసీవరు ఎత్తు. ఆ... పెట్టు. మళ్లీ ఎత్తు.” చెవొగ్గి విన్నాడు. “టక్కనలేదు గదమ్మే. కొక్కెం లేస్తా ఉండాదా చూడు.”

రిసీవర్ తగిలించే కొక్కేన్ని హుక్ లివర్ అంటారు. రిసీవర్ ఎత్తగానే అది టక్కుమని పైకి లేచి, గంట దారి వదిలి మాట దారి కలపాలి. కింది ఫోనులో లేస్తోంది, ఎందుకంటే వచ్చేపోయే ప్రతివాడూ దాన్ని ఎత్తి సరదా తీర్చుకుంటాడు. తాళం వేసి ఉండే పైగదిలో దీన్ని ముట్టుకున్నవాడు లేడు. వంగి చూశాను. లివర్ మొదట్లో పసుపుపచ్చగా, రాయిలా గట్టిపడిన వార్నిష్!

ఎవడురా ఈ పని చేసిన తెలివైనవాడు అని తిట్టబోయి ఆగిపోయాను. చాలా ఏళ్ల కిందట స్నాతకోత్సవానికి ముందు, పెయింటర్లు ఈ ఫోన్లను వదిలేస్తామంటే, ‘అదెలా కుదురుతుంది, ఏదీ వదలొద్దు, రెండు పూతలు పడాల్సిందే’ అని గొడవపడి వర్క్ ఆర్డర్ మీద సంతకం పెట్టింది నేనే. ఏదీ వదలొద్దంటే వాళ్లు నిజంగానే ఏదీ వదల్లేదు పాపం. తలుపు కూడా తీయలేదని ప్రవీణ్‌ని అన్నాను. నేను తలుపు తీసి సెల్స్ వేశానే గాని, పైకే కనబడుతున్న లివర్‌ని చూడలేదు. నా మొహం ప్రవీణ్‌కి కనబడకుండా పెట్టెవైపు తిప్పుకున్నాను.

పెయింటర్ల దగ్గర థిన్నర్ తెప్పించి, గుడ్డతో తడిపి, కొంగుకు పెట్టుకున్న పిన్నీసుతో గీకడం మొదలుపెట్టాను. ప్రవీణ్ టార్చి పట్టుకున్నాడు. కింద లారీ హారన్ కొడుతోంది. సెల్‌లో మామ, “నిమ్మళంగా, నిమ్మళంగా, స్ప్రింగు ఇరగ్గొట్టబోతావు” అంటూనే ఉన్నాడు.

టక్.

“ఆ! అది!” అన్నాడు మామ మాధవరం నుంచి.

పిడి తిప్పాను. కింద గంట మోగింది. కాస్త ఆగి, ఎక్కడో గొట్టంలోంచి వచ్చినట్టు సుందరం గారి గొంతు వినిపించింది. “హలో?”

“సార్, విమలని. కండెమ్నేషన్ కాగితం మీ చేతిలోనే ఉందా?”

“ఉందమ్మా.”

“చింపేయండి.”

 రిసీవర్‌లో ఆయన నవ్వు. నా సర్వీసులో ఆయన నవ్వు విన్నది అదే మొదటిసారి. “ఆఫీసు కాగితం చింపకూడదు మేడమ్. కొట్టేసి, సంతకం పెడతాను.”

లారీ మిగతా సామానుతో వెళ్లిపోయింది. ఫోన్లు రెండూ గోడలమీదే ఉన్నాయి, పనిచేస్తూ. కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠం ఇప్పటికీ వాటిమీదే చెప్తాను.

ఒక వస్తువు చచ్చిందనే ముందు, దానికి మనమేం చేశామో చూసుకోవాలి. ఇన్నేళ్ల పనిలో ఆ సంగతి నాకంత గట్టిగా చెప్పింది మనుషులు కాదు, ఆ పెట్టె. ఆ సాయంత్రం పెన్సిల్ తీసి, తలుపు లోపల మామ అక్షరాల కింద రాశాను: “లివర్‌కు వార్నిష్. వేయించినది, గీకినది ఒకరే.” పక్కన నా పొడి అక్షరాలు.

“మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదండీ మేడమ్,” అన్నాడు ప్రవీణ్.

“అందుకే రాశాను,” అని పెన్సిల్ అతని చేతికిచ్చాను. “టార్చి పట్టుకున్నది ఎవరో కూడా రాయి.”