వన్స్‌మోర్ రాని పద్యం

పద్య నాటకాలకు హార్మోనియం వాయిస్తాను. మా వైపు దాన్ని పెట్టె అంటారు. ఆడమనిషి పెట్టె ముందు కూర్చోవటమేందని మూతి విరిచినవాళ్లు నరసరావుపేటలో బోలెడుమంది. విరుచుకోనీ, మూతులు వాళ్లవే.

పెట్టె పట్టినవాళ్లకు మొదట నేర్పేది ఒకటే. పద్యం చివర నటుడు రాగం తీస్తుంటే ఎక్కడా సందు ఇవ్వకూడదు. ఆయన ఊపిరి పీల్చుకునేటప్పుడు మనం నింపాలి. అప్పుడే జనం వన్స్‌మోర్ అని కేకలేస్తారు, ఆయన అదే పద్యం మళ్లీ ఎత్తుకుంటాడు. పదిహేనేళ్లు అలాగే నింపాను.

మా వీధిలో రిటైరైన ఉర్దూ మేష్టారు ఉండేవారు, ఫార్సీ కూడా చదివిన మనిషి. బాబాయ్ అని పిలిచేదాన్ని. సూఫీల సంగతి ఆయనే చెప్పారు. 'నేను' అనేది పూర్తిగా చెరిగిపోతే తప్ప ప్రేమించినవాడు కనపడడట. దాన్ని వాళ్లు ఫనా అంటారట. ఆ గుణం మా నటుల్లో ఒక్కడికీ లేదు బాబాయ్ అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "నీ చేతులకుందా అమ్మాయ్?" అన్నారు.

చానా రోజులు మండిందా మాట. ఆ మంటలోనే, మాచర్ల అవతల కృష్ణ మధ్యలో ఉన్న బౌద్ధుల కొండకు లాంచీలో వెళ్లినప్పుడు శూన్యవాదం మీద చిన్న పుస్తకం కొన్నాను. సగం బుర్రకెక్కలేదు. ఎక్కింది ఒక్కటే: ఏదీ తనంతట తాను నిలబడదు, ఇంకోదాన్ని ఆనుకునే ఉంటుంది. మరి స్వరం దేన్ని ఆనుకుంటుంది? నిశ్శబ్దాన్ని. దాన్నే కదా ఇన్నేళ్లూ నేను పూడ్చిపెడుతున్నది! నా మీద నాకే ఒళ్లు మండింది.

రిహార్సల్‌లో, బిడ్డను పోగొట్టుకున్న తండ్రి పద్యం చివర చేతులు తీసేశాను. ఆ తండ్రి వేషం మా నాటక సమాజంలో రాజాపార్టులు వేసే పెద్దాయనది, అన్నా అని పిలుస్తాను; ఆయన ఎగిరిపడ్డాడు. మాచర్లలో జరగబోయే నాటకాల పోటీలో ఇదే పని చేస్తే చిలకలూరిపేట నుంచి కీబోర్డు అతన్ని తెచ్చుకుంటానని తేల్చేశాడు. నన్ను కూర్చోబెట్టుకునే సమాజం పల్నాడు మొత్తానికి అదొక్కటే. తెలిసే వెళ్లాను.

పోటీ పొద్దున పదింటికి. పద్యం ఆఖరి మాట కాగానే చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఫ్యాన్ల చప్పుడు, అన్న ఊపిరి, అంతే. రాగం తీయబోయిన గొంతు ఆనుకోవటానికి ఏమీ లేక జీరబోయింది. ముందు వరసలో వక్కపొడి నములుతున్నాయన నమలటం ఆపేశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

తెర వెనక్కి రాగానే అన్న నా మీదకొచ్చాడు. "వన్స్‌మోర్ రాలా. ఇరవయ్యేళ్లలో ఇట్టా ఎప్పుడూ జరగలా. నా పరువు తీశావు గదమ్మా." వాళ్ల సమాజంలో నాకు ఇదే ఆఖరి నాటకమన్నాడు. సరేనన్నాను, కానీ కదల్లేదు.

"బిడ్డ చచ్చినోణ్ణి ఇంకోసారి ఏడవమని ఎవరడుగుతారన్నా?"

ఆయన తువ్వాలు అందుకుని అద్దం వైపు తిరిగాడు. మొహానికేసిన రంగు కళ్ల కింద చెదిరి ఉంది. చెమటకు చెదిరింది కాదది.