జీవరాజుకి వినపడని చప్పుడు

జీవరాజు దగ్గరికి బండి తెచ్చినవాడు నోరు విప్పనక్కర్లేదని ప్రోతరాపూర్‌లో పేరు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. రోగం అక్కడికక్కడే చెప్పేసేవాడు. పోర్ట్ బ్లెయిర్‌లో లారీలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన రోజుల నుంచీ ఆ చెవి మీదే అతని బతుకు నడిచింది.

అలాంటి మనిషికి ఏడాదిగా ఒకటే విసుగు. లోకమంతా గొణుగుతోంది. భార్య ప్రేమావతి గొణుగుతోంది, ఆదివారం చర్చిలో అయ్యగారు గొణుగుతున్నారు, చివరికి స్క్రూడ్రైవరు కూడా గొణగడం మొదలుపెట్టింది. చెవి పోతోందని అతనికి తెలియక కాదు. ఆ సంగతి బయటపడితే రేపటినుంచి బండి ఎవడు తెస్తాడన్నదే భయం.

సరిగ్గా అప్పుడే తాతబ్బాయి దాపురించాడు. పోయినేడు దాకా సముద్రం మీద వేటాడినవాడు. ఇప్పుడు పాత మిలిటరీ లారీ ఒకటి సంపాదించి చేపలు తోలుతున్నాడు. రోడ్డు ఎత్తుకి పోయేచోట, ఎక్కుడు రాగానే ఇంజను టకటకమంటోందట. జీవరాజు రిపేరు షెడ్డులో నిలబెట్టి ఇంజను ఎంతసేపు తిప్పినా ఆ చప్పుడు రాదు. రావడం లేదో, వచ్చినా తనకి వినపడటం లేదో తేలక జీవరాజుకి ఒళ్ళు మండిపోయింది.

డెలానీపూర్ పోయే దారిలో ఎక్కుడు ఎక్కిద్దామన్నాడు తాతబ్బాయి. ఎక్కించారు. సగం దూరంలో "అదిగో" అని వేలు పైకెత్తాడు. జీవరాజు ఊపిరి బిగబట్టాడు. ఇంజను హోరు తప్ప ఏమీ లేదు. కిందికి దింపించి మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ అదే వేలు, మళ్ళీ అదే హోరు. మూడోసారికి వెనక బుట్టల్లో చేపలు ఎండకి కంపు కొట్టసాగాయి. నాలుగోసారి కూడా వాడు "వినపడతంది కదా భయ్యా" అని అడిగేసరికి విసిగిపోయి, "వినపడింది. బేరింగు పోయింది" అనేశాడు.

అనేశాక గానీ ఎంత మాటన్నాడో తట్టలేదు. బేరింగు పోతే ఇంజను విప్పాలి. విప్పితే కొత్త బేరింగు కలకత్తా నుంచి ఓడలో రావాలి. ఆ ఓడ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అందాకా లారీ షెడ్డులో పడి ఉంటుంది, తాతబ్బాయి ఇల్లు పస్తులుంటుంది. వాడేమో వెంటనే లారీని షెడ్డులో పెట్టి, మొదటి బోల్టు తనే విప్పడానికి పానా అందుకున్నాడు. ఆ నమ్మకం చూసి జీవరాజుకి వాడి మీదా, తన మీదా కూడా మహా కోపం వచ్చింది.

"ఆగు. నాకేమీ వినపడలేదు. ఏడాదిగా ఏదీ సరిగ్గా వినపడటం లేదు."

తాతబ్బాయి పానా కింద పెట్టి అతని మొహంలోకి చూశాడు. అలా చూడటం మాని ఆ చప్పుడు ఎలా ఉందో నువ్వే చెప్పి చావు అని జీవరాజు కసిరాడు. లోపల సుత్తితో మొత్తినట్టుందా అని అడిగాడు. వాడు తల అడ్డంగా ఊపాడు.

"సుత్తి కాదు. వలకి సీసం గుళ్ళు కడతాం కదా, అవి డబ్బాలో ఏసి ఆడిస్తే ఎలగుంటాదో అలగ. ఎక్కుడు అయిపోతే బంద్."

బేరింగు అలా మోగదు. అది బరువుగా దబదబమంటుంది. ఇది పెట్రోలు సరిగ్గా మండక వచ్చే చప్పుడు. జీవరాజు టాంకు మూత తీసి ముక్కు పెట్టాడు. ఆ ముక్కుకింకా ఏమీ కాలేదు. గుప్పున కిరసనాయిలు కొట్టింది.

ఓడ ఆలస్యమై పెట్రోలుకి కటకటగా ఉందని, సగానికి సగం కిరసనాయిలు, వాడి మాటల్లో మట్టీతేల్, పోశాడట. పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరసనాయిలు మీద నడపడం పడవ మోటార్లకి అందరూ చేసేదేనని పైగా వాదన. ఇది లారీ అని, దీన్నేమైనా సముద్రంలోకి తోలుతావా అని జీవరాజు వాణ్ణి కడిగిపారేశాడు. పొద్దుటినుంచీ నాలుగుసార్లు ఆ ఎక్కుడు ఎక్కించినందుకు ఇంకో విడత తిట్టాడు. టాంకు ఖాళీ చేయించి, తన దగ్గరున్న కాస్త మంచి పెట్రోలు పోసి, ఐదోసారి ఎక్కించాడు. చప్పుడు లేదని తాతబ్బాయి చెయ్యి అడ్డంగా ఊపి చూపించాడు.

తిరిగి వచ్చి షెడ్డు ముందు ఆగాక, వాడు దగ్గరికి జరిగి ఏదో అన్నాడు.

"ఏమిటి గొణుగుతున్నావు? గట్టిగా చెప్పు."

తాతబ్బాయి గట్టిగానే చెప్పాడు. "నీకు సెవుడని నాను ఎవులికీ సెప్పను భయ్యా. నాను లారీలో మట్టీతేల్ పోసీసేనని నువ్వూ ఎవులికీ సెప్పకు."

బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డ పదిమందీ ఇటు తిరిగారు. ఒక్కరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు. షెడ్డు పక్కనే ఇంటి గుమ్మం దగ్గర బియ్యం ఏరుతున్న ప్రేమావతి చేట పక్కన పెట్టింది.

"మీకు చెవుడని ఊరందరికీ ఏడాదిగా తెలుసు. బళ్ళు తేవడం ఎవరైనా మానారా?" అంది.

ఆ మాట అతనికి బాగానే వినపడింది. అయినా కుడిచెవి ఆమె వైపు తిప్పి, మళ్ళీ చెప్పమన్నాడు.