ఇంజను ఆగలేదు

మా తమ్ముడు చేలకు పురుగుమందు కొట్టే విమానం కూలి చనిపోయాడని చెబితే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "ఇంజను ఆగిపోయిందా?" ఔనని ఊరుకుంటే మాట అక్కడితో తీరుతుంది. నేను ఊరుకోను. కాదని, కూర్చోబెట్టి చెబుతాను. వాళ్లు సగం విని, తలూపి, "ఏమైనా ఇంజన్లను నమ్మకూడదండీ" అంటారు. డిగ్రీలో ఫిజిక్సు చదివి, నంద్యాలలో ఆడపిల్లల స్కూల్లో అదే పాఠం చెప్పిన దాన్ని. ఈ ఒక్క ముక్క మాత్రం ఒక్కరికీ ఎక్కించలేకపోయాను.

డెబ్బైల చివర, పత్తికి పురుగు బాగా పట్టిన ఏళ్లలో, శిరివెళ్ల దగ్గర ఒక బీడు చదును చేసి చిన్న విమానాన్ని దించారు. ఒక్కటే సీటు, దాని ముందు మందు తొట్టి, రెక్కల కింద గొట్టాలు. హైదరాబాదులో విమానం నడపడం నేర్చుకుని పని లేక తిరుగుతున్న మా తమ్ముణ్ని ఆ కంపెనీ తీసుకుంది. ఆళ్లగడ్డ మిషన్ బడిలో పంతులైన మా నాయనను అప్పట్నుంచి ఊరంతా విమానం సారు అనేది. ఆయనకు అది నచ్చింది కూడా.

ఒకసారి వాడూ నేనూ ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో పోతున్నాం. వాడు కిటికీలోంచి అరచెయ్యి బయటపెట్టాడు.

"చూడక్కా. బల్లపరుపుగా పెడితే గాలిని కోసుకోని పోతాది. ముందర కొంచెం ఎత్తితే చెయ్యి లేస్తాది. ఇంకా ఎత్తితే?"

లేచిన చెయ్యి టక్కున వెనక్కి పడింది.

"బస్సు స్పీడు తగ్గిందా?"

"లేదు."

"అంతే. గాలి రెక్క పైన అంటుకోని పారినంతసేపే రెక్క మోస్తాది. మరీ ఎత్తితే విడిపోతాది. దాన్నే స్టాల్ అంటారు."

"విమానంలో టీ స్టాల్ గూడా ఉంటాదా అప్పా?" అన్నాడు ముందు సీటు పెద్దాయన. ఇంతలో కండక్టరు వచ్చాడు. "చెయ్యి లోపలికి తీయప్పా. లారీ తీసకపోతే నేను యాడ వెతకాల?"

రెక్కకూ ఎదురుగాలికీ మధ్య ఆ వాలును ఇంగ్లీషులో యాంగిల్ ఆఫ్ అటాక్ అంటారు కాబట్టి, తెలుగులో దాడి కోణం అనాలేమో అన్నాను. "ఈ రూట్లో ఆ మాట గట్టిగా అనొద్దక్కా. ఎవరి మీద అని అడుగుతారు" అన్నాడు.

వాడి విమానంలో స్పీడు చూపే ముల్లు ఉంది, ఈ కోణం చూపేది లేదు. కొన్ని చిన్న విమానాలకు రెక్క దగ్గర ఒక రేకు ఉంటుందట. ఇంటి కప్పు మీద గాలి దిక్కు చూపే కోడిబొమ్మ లాగా అది ఎప్పుడూ గాలి వాలుకే తిరుగుతుంది. రెక్కను ఎంత ఎత్తినా రేకు గాలినే చూస్తుంది. రెక్కకూ రేకుకూ మధ్య తేడాను ఒక తీగ లోపలి ముల్లుకు అందిస్తుంది. పచ్చలో ఉంటే పరవాలేదు, పసుపులో జాగ్రత్త, ఎరుపులోకి పోతే వెంటనే ముక్కు దించాలి. తొట్టి నిండా మందుతో, పక్కకు బాగా వాలి మలుపు తిరిగేటప్పుడు, మామూలుగా ఎగరడానికి సరిపోయే స్పీడే చాలకుండా పోతుంది. ఎంత చాలదో స్పీడు ముల్లు చెప్పదు. ఇంజను గొంతు చించుకుంటున్నా రెక్క వదిలేస్తుంది.

వాడు బిస్కెట్ డబ్బా రేకు కత్తిరించి, రెక్కకు ఆనించిన కమ్మీకి తగిలించి, వెనక ఎర్రగీత ఒకటి పూశాడు. రేకు ఆ గీత దాకా వస్తే ముక్కు దించాలి. సీట్లోంచి కనబడుతుంది. కొన్నాళ్లు దాన్నే చూస్తూ తోలాడు. తర్వాత కంపెనీ ఇంజినీరు వచ్చి దాన్ని పీకేశాడు. అనుమతి లేనిది విమానానికి తగిలించకూడదట. స్పీడు చూసుకుంటే చాలదా అన్నాడట. చాలదంటే, మిగతా పైలట్లు ఎట్లా తోలుతున్నారు అన్నాడట.

"ఆ పని మానేయ్ రా" అన్నాను.

"మానేసి ఏం తోలాలక్కా, ఎద్దులా?"

ఇంట్లో పొద్దున్నే ప్రార్థన. నాయన మోకాళ్ల మీద, "తండ్రీ, బిడ్డ ఎగిరేటప్పుడు ఇంజను ఆగకుండా కాపాడుము" అనేవాడు.

"ఇంజను బాగానే ఉంది నాయనా. రెక్క సంగతి అడుగు."

"ఆయనకు నువ్వు ఫిజిక్సు చెప్తాండావా?"

"ఆయనకు కాదు, నీకు."

"నోరు మూసుకోని ఆమెన్ అనవే" అనేది అమ్మ.

ఒక పొద్దున, నిండు తొట్టితో, పొలం చివర కరెంటు తీగల మీదుగా పైకి లాగి, గట్టిగా మలుపు తిప్పాడు. ఒక రెక్క జారింది. పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లను నేనే పోయి అడిగాను. నేలకు తగిలిందాకా శబ్దం ఆగలేదని అందరూ అన్నారు.

పాతిపెట్టి ఇంటికి వచ్చాక నాయన నన్ను పక్కకు పిలిచాడు.

"ఇంజను ఆగలేదంటివి గదమ్మా?"

"ఆగలేదు నాయనా."

"అయితే నేను అడిగింది ఇచ్చినాడు గదా."

ఆ తర్వాత ఆయన నన్ను ఆ సంగతి అడగలేదు. నన్నే కాదు, ఎవరినీ ఏదీ అడగడం తగ్గించేశాడు.

కంపెనీవాళ్లు నంద్యాలలో దిగిన లాడ్జికి పోయాను. పైలటు స్పీడు పోగొట్టుకున్నాడన్నారు. ఆ వాలులో ఎంత స్పీడుకు రెక్క వదులుతుందో మీ ముల్లు చెబుతుందా అని అడిగాను. "మీరు బాధలో ఉన్నారు మేడమ్" అన్నారు. ఆడది సరైన ప్రశ్న వేస్తే బాధలో ఉన్నట్టే లెక్క.

మరుసటి ఏడు మళ్లీ పురుగు వచ్చింది, మళ్లీ విమానం వచ్చింది. కోస్తా వైపు కుర్రాడు, మా తమ్ముడి ఈడే. స్కూలుకు సెలవు పెట్టి శిరివెళ్ల పోయాను. పాపం, కుర్చీ తెచ్చి వేశాడు. రేకు లేదని చూడగానే తెలిసింది. మొదటినుంచి చెప్పాను, అరచెయ్యి వాల్చి చూపించాను. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"అర్థమైందండీ. స్పీడు బాగా చూసుకుంటాను" అన్నాడు.

మళ్లీ చెప్పాను. మళ్లీ అదే అన్నాడు, ఇంకా మర్యాదగా. తొట్టి నింపడం అయిపోయిందని ఎవరో కేక వేస్తే, వస్తానండీ అని లేచి పోయాడు.

విమానం బరువుగా లేచి, పత్తి చేల చివరిదాకా పోయి, ఒక పక్కకు వాలి తిరిగింది. రెక్క గాలికి ఎంత ఎత్తి ఉందో, వదిలేయడానికి ఇంకా ఎంత మిగిలిందో గట్టు మీద నిలబడ్డ నాకు తెలియదు. పైన కూర్చున్న అతనికీ తెలియదు.