భాస్కరం గారి చీటీ

దయ్యాలనీ, పూర్వజన్మలనీ ఎవరైనా మొదలెడితే ప్లేటు కడుక్కునే వంకతో లేచి వెళ్లిపోయే రకం నేను. అమెరికాలో, హెర్న్‌డన్‌లో పన్నెండేళ్లుగా నా ఉద్యోగమే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. అందుకే ఇది రాయాలంటే కాస్త సిగ్గుగా ఉంది.

మా మేనత్త రాజ్యం నాలుగు నెలలు ఉందామని మా ఇంటికి వచ్చింది. తెనాలిలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరిక లేకరా" అనేది. చిన్నప్పుడు నన్ను అందరికంటే ముద్దు చేసింది ఆవిడే.

ఒక ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీలో పోలిష్ సినిమా వేస్తున్నారంటే తీసుకెళ్లాను. ఒకటే నత్తనడక. ఒంటరి ఆవిడ ఒకతె, గడియారాలు బాగుచేసే అతన్ని ప్రేమిస్తుంది. తన వాచీ తనే పాడుచేసుకుని ప్రతి వారం అతని కొట్టుకి పోతుంది. పిచ్చి కాకపోతే ఏమిటి అనుకుంటూ ఆవలిస్తున్నాను.

అప్పుడతను ఒక చీటీ రాసి వాచీకి కట్టాడు. తెర నిండా ఆ చీటీయే. దాని మీద తెలుగులో "శనివారం రండి" అని ఉంది. నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు. నేను చదివాను.

అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "శనివారం రండి... ఇది భాస్కరం గారి రాతరా" అంది.

కార్‌లో కూర్చున్నాక చెప్పింది. ఆయనది తెనాలిలో రేడియో రిపేరు కొట్టు. ఈవిడ ఇంట్లో రేడియో వెనక తీగ తనే పీకి, ఆయన దగ్గరికి పట్టుకెళ్లేది. అలా తొమ్మిదేళ్లు. మళ్లీ ఎప్పుడు రావాలో ఆయన చీటీ రాసిచ్చేవారు. అంతకు మించి ఒక్క మాట లేదు. తర్వాత కొట్టు ఎత్తేసి ఊరు మారిపోయారు.

"ఉన్నారో లేదో కనుక్కోరా. ఇన్నేళ్లూ ఎవర్నీ అడగడానికి మొహం చెల్లలేదు" అంది. నాకు ఏడుపొచ్చింది.

చుట్టాల వాట్సాప్ గ్రూపులో అడిగితే రెండు రోజుల్లో నంబరు వచ్చింది. మావాళ్లు దేనికైనా పనికొస్తారంటే దీనికే. ఆయన ఒంగోలులో ఒక్కరే ఉంటున్నారట. పొద్దున్నే ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను. అత్త తన పేరు చెప్పింది.

"ఆ తీగ మీరే పీకేవారని నాకు తెలుసండీ" అన్నారాయన. "అది అయిదు నిమిషాల పని. మీరు మళ్లీ రావాలని శనివారం రండి అని రాసేవాణ్ణి."

నేను గదిలోంచి బయటికి వచ్చేశాను.

ఆ వారమే లైబ్రరీ నుంచి డీవీడీ తెచ్చి, ఆ సీను దగ్గర ఆపి చూశాను. చీటీ మీద ఉన్నది పోలిష్. ఇంకు కూడా నలుపే. ఎన్నిసార్లు తిప్పినా అంతే. కునుకులో చూశామనుకోవడానికి లేదు, ఇద్దరం ఒకే మాట చదివాం. పైగా అప్పటికి భాస్కరం అనే మనిషి ఉన్నారనే నాకు తెలియదు.

అత్తని పిలిచి చూపించాను. ఒంగోలు వెళ్లాలని తిరుగు టికెట్ ముందుకి జరిపించుకుని సూట్‌కేసు సర్దుకుంటోంది. కళ్లజోడు కూడా పెట్టుకోలేదు.

"ఇప్పుడేముంటే నాకెందుకురా? ఆ రోజు ఉంది. లేకపోతే నేను నిన్ను అడిగేదాన్నే కాదు" అంది.

నన్నంత ముద్దు చేసిన మనిషి, ఎయిర్‌పోర్ట్‌లో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.