అలకు ఆగే మోకాలు

2002లో టెక్కలిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. విశాఖపట్నంలో మోకాలి ఆపరేషన్ చేయించుకుని వచ్చినవారికి, అక్కడి సర్జన్ రాసి పంపిన ప్రకారం వ్యాయామం చేయించడం నా పని.

దానయ్య అలాగే వచ్చాడు. సంతబొమ్మాళి దగ్గరి తీరంలో చేపల వేట వృత్తి. ముప్పయ్యేళ్లుంటాయి. తెప్పను సముద్రంలోకి తోస్తుంటే పాదం ఇసుకలో కూరుకుపోయింది, ఒళ్లు మాత్రం అలతోపాటు తిరిగింది. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు తెగింది. ఇది తెగితే తిరిగి కుట్టినా సాధారణంగా నిలవదు. అందుకని తొడ వెనకనుంచి స్నాయువు తీసి, ఎముకల్లో సొరంగాలు చేసి, దాని చోట బిగిస్తారు. దాన్ని గ్రాఫ్ట్ అంటాం.

రెండు నెలలు దాటేసరికి దానయ్య కుంటు పోయింది. ఒకరోజు వేటకు పోతానంటూ బావ కామయ్యను వెంటబెట్టుకొచ్చాడు. తెప్ప కామయ్యదే. వేట మొదలవుతోంది, దానయ్య రాకపోతే తెప్పమీద అతని చోటు ఇంకొకరికి పోతుంది.

"నొప్పి నేదు, వాపు నేదు. ఇంకేటమ్మా లోటు?" అన్నాడు దానయ్య.

ఈ వృత్తిలో నాకెప్పుడూ వింతగా తోచే సంగతి ఇదే. నొప్పి పోయిన ఆ రోజుల్లోనే గ్రాఫ్ట్ బాగా బలహీనంగా ఉంటుంది. కొత్త రక్తనాళాలు పాకి అది ఒంట్లో కలవడానికి నెలలు పడుతుంది. అదే చెప్పాను. ఇద్దరూ మర్యాదగా విన్నారు, నమ్మలేదు.

దానయ్యను గోడపక్కన నిలబెట్టి, బాగున్న కాలిమీద కొంచెం వంగి లేవమన్నాను. తేలిగ్గా లేచాడు. రెండో కాలిమీద సగం వంగకముందే మోకాలు లోపలికి వాలింది. గోడ పట్టుకున్నాడు. ముఖం మాడిపోయింది.

"ఒరే, నేలమీదే ఒంటికాలితో నిలబడనేవు, అలమీదేటి నిలబడతావు?" అన్నాడు కామయ్య. "ఒడ్డున వలలు సూసుకో. నీ సోటు నాను ఎవుడికీ ఇయ్యను."

సర్జన్ కాగితంలో మెట్లున్నాయి, పరుగుంది, సముద్రం లేదు. తెప్ప ఎలా తోస్తారో చూడాలనిపించి ఒక ఆదివారం తీరానికి వెళ్లాను. అల రాగానే పాదం కదపకుండా నడుము తిప్పి భుజం ఒడ్డుతున్నారు. లిగమెంటు తెంపింది ఆ కదలికే. అప్పటినుంచి, ఒళ్లు తిరిగేముందు పాదం ఎత్తి వేయడం నేర్పాను. మొదట గచ్చుమీద, కొన్ని నెలలకు పొడి ఇసుకలో, ఆపైన చీలమండ లోతు నీళ్లలో.

"కాలు తీసేదాకా అల ఆగుతాదేటమ్మా?" అని అడిగాడు దానయ్య. అదే కామయ్యను అడిగాను. అతన్ని తెప్ప వెనక్కి మారుస్తానన్నాడు. అక్కడ నీళ్ల లోతు తక్కువ, అల తోపు కాస్త ఆలస్యంగా అందుతుంది.

ఏడాది కావస్తుండగా సర్జన్ పరీక్షించి ఒప్పుకున్నాడు. వేటకు దిగిన మొదటిరోజు నేనూ తీరానికి వెళ్లాను. దానయ్య భార్య పోలమ్మ నా పక్కన నిలబడింది. ఒక పెద్ద అల అతన్ని ముంచేసింది. లేచాడు, నీళ్లలోనే మోకాలు తడుముకున్నాడు, మళ్లీ తెప్పకు చేతులానించాడు.

"మోకాలు ఆగిందే!" అని పోలమ్మకేసి అరిచాడు.

ఆ కాలు పూర్తిగా మడిచి బాసింపట్టు వేయడం మాత్రం అతనికి మళ్లీ కుదరలేదు. పనికి అది అడ్డం కాలేదు. తరవాత రిటైరయ్యేదాకా, మోకాలి సమస్యతో ఎవరొచ్చినా ముందు వాళ్ల పని ఎలా చేస్తారో చేసి చూపించమనేదాన్ని. నొప్పి సంగతి ఆ తరవాత అడిగేదాన్ని.